టైర్ల అప్ప ఆపిన బండి

నాలుగు టైర్లూ ఒకేసారి అరిగిపోయాయి. విశాఖపట్నంలో టైర్ల షాపుకి వెళ్తే, కౌంటరు వెనక కూర్చున్నాయన లేచి వచ్చి నా కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మళ్లీ రన్‌ఫ్లాటే వేద్దామా సార్, మామూలువి వేసి ఒక స్టెప్నీ ఇచ్చెయ్యమంటారా?" అని అడిగాడు. చాలామంది మామూలు వాటికి మారిపోతున్నారని, కుదుపు తగ్గుతుందని, తొందరేం లేదు ఆలోచించుకోమని చెప్పి కాఫీ తెప్పించాడు. కాఫీ పరమ చెత్తగా ఉంది. కాఫీ రుచి చూడడమే నా వృత్తి కాబట్టి ఆ మాట కాస్త అధికారంతోనే అంటున్నాను. ఆలోచించుకోవలసిన పని మాత్రం నాకు పడలేదు. నా బదులు ఎప్పుడో ఆలోచించి పెట్టిన మనిషి ఒకామె ఉంది. ఉండేది. మొన్న వేసవిలో నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆమె పలికేదే కాదు. డుంబ్రిగుడ నుంచి అరకు వచ్చే రోడ్డు పక్కన రేకుల పాక కింద పంక్చర్ల షాపు ఆమెది. జీపువాళ్లకీ ఆటోవాళ్లకీ నాకూ ఆమె టైర్ల అప్ప. అప్ప అంటే మా వైపు అక్క. ఆ షాపు ఆమెకి ఎలా వచ్చింది, భర్త ఏమయ్యాడు అన్నవి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. యాభై దాటిన మనిషి. ముక్కుకి మూడు బంగారు పోగులు, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన చీర, నోట్లో నిప్పు లోపలికి పెట్టుకున్న అడ్డచుట్ట. ట్యూబు అతికించే సొల్యూషన్ డబ్బా మూత తీసేటప్పుడు మాత్రం ఆ చుట్టని తీసి, పాక బయట ఒక రాయి మీద భద్రంగా పెట్టి వచ్చేది. తొందరలో ఉన్నవాళ్లు "పరవాలేదులే అప్పా" అంటే, "నీకు పరవానేదు, నా పాకకి పరవా ఉంది" అనేది.

ఎవరినైనా 'నువ్వు' అనే అనేది. జీపు డ్రైవరైనా, సైరన్ కారులో వచ్చిన అధికారైనా ఆమెకి ఒకటే. ఒకసారి అలాంటి అధికారి ఒకాయన కారు దిగకుండా, అద్దం దించి, గాలి చూడమన్నాడు. "నువ్వు దిగు బాబూ. నీ బరువుతో సూస్తే లెక్క తప్పు సూపిస్తాది" అంది. లెక్క ఏమీ తప్పదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన దిగాడు. దిగినందుకు మర్యాదగా ఒక స్టూలు వేసి కూర్చోబెట్టింది.

మీటరు పెట్టే ముందు టైరు పక్క మీద అరచెయ్యి ఆనించి ఒక అంకె చెప్పేది. ఆ తర్వాత మీటరు పెడితే, అదే అంకె. ఎప్పుడైనా ఒకటి అటూ ఇటూ అయితే మీటరునే అనుమానంగా చూసేది. పిల్లలకి జ్వరం చూసినట్టు ప్రతి టైరుకీ చెయ్యి పెట్టేది. ఇంక డుంబ్రిగుడ సంత రోజు చూడాలి ఆమె దర్జా. జీపు లోపల పదిహేను మంది, పైన పదిమంది, వెనక వేలాడేవాళ్లు వేరే. గాలి కోసం ఆగిన జీపు చుట్టూ ఒకసారి తిరిగి, తలలు లెక్కపెట్టి, "పైనోల్లు నలుగురు దిగండి" అనేది. దిగితేనే గాలి. డ్రైవర్లు తిట్టుకునేవారు గానీ, గాలి గొట్టం ఆమె చేతిలో ఉండేది. దిగినవాళ్లు బస్తాల మీద కూర్చుని వెనక వచ్చే బండి కోసం చూసేవారు. వాళ్లు ఎదురుచూసినంతసేపూ ఆమె వాళ్లతో కబుర్లు చెప్పేది, అది వేరే సంగతి.

ఇప్పుడు నా కారు సంగతి చెప్పాలి. అరకు చుట్టుపక్కల ఊళ్లలో పండే కాఫీ రుచి చూసి, ఏ తోట సరుకు ఏ తరగతో తేల్చడం నా పని. వారానికి రెండుమూడు సార్లు ఘాటీ ఎక్కి దిగుతాను. బుద్ధున్నవాడైతే అలాంటి పనికి జీపు కొనుక్కుంటాడు. నేను నేలకి జానెడెత్తున ఉండే ఎర్ర కారు, అదీ సెకండ్ హ్యాండ్‌ది, ముచ్చటపడి కొన్నాను. పేరుకి రోజువారీ కారే. తొక్కితే మాత్రం పందెం గిత్త. మా ఆవిడ దానికి 'మీ రెండో పెళ్లాం' అని పేరు పెట్టింది.

దానికి రన్‌ఫ్లాట్ టైర్లు. తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఈ టైరు పక్కగోడ దళసరిగా, గట్టిగా ఉంటుంది. మేకు దిగి గాలి మొత్తం పోయినా కూలబడిపోదు, ఆ గోడ మీదే కారుని నిలబెట్టి, నెమ్మదిగా పోతే కొంత దూరం మోస్తుంది. అందుకని ఈ కార్లకి స్టెప్నీ ఇవ్వరు.

మొదటిసారి పంక్చరై ఆమె దగ్గర ఆగినప్పుడు, డిక్కీ తీసి చూసి నా వంక జాలిగా చూసింది.

"స్టెప్నీ ఏది బాబూ?"

"ఈ కారుకి ఉండదు అప్పా."

"దొంగలెత్తుకెల్లారేటి?"

"కాదప్పా, కంపెనీవాళ్లే ఇవ్వరు. గాలి లేకపోయినా నడిచే టైరు ఇది."

ఆమె పకపకా నవ్వి, పక్క టీ బడ్డీ దాకా వినపడేలా అరిచింది. "ఒలే, ఇటు రండే! గాలి అక్కర్నేని టైరంట! నా పొట్ట కొట్టడానికి వొచ్చినాది సూడండి!"

ఆ తర్వాత ఆ టైరుని చక్రం నుంచి ఊడదీయడానికి ఆమెకి గంటన్నర పట్టింది. పట్నంలో అయితే దానికి మిషను ఉంటుంది. ఆమె దగ్గర ఉన్నవి రెండు ఇనప కడ్డీలు, ఒక సుత్తి, ఒంటి బరువు. రన్‌ఫ్లాట్ గోడ రాయిలా ఉంటుంది, వంగదు. ఆమె దాని మీదెక్కి నిలబడి తొక్కింది, సబ్బునీళ్లు పోసింది, కోందు భాషలో దాన్ని ఏదో తిట్టింది. సాయం పడతానంటే పక్కకి పొమ్మంది. చివరికి అది ఊడినప్పుడు టీ బడ్డీ దగ్గర ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. లోపలి నుంచి అతుకు వేసి, మళ్లీ ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగ రాలేదని నాకు చూపించింది. చెమటతో మెరిసిపోతున్న ఆ మొహంలో ఉన్న గర్వం నాకు తెలిసిన గర్వమే. మంచి గింజ దొరికిన రోజు నా మొహం కూడా అలాగే ఉంటుందని మా ఆవిడ అంటుంది.

డిసెంబరులో మాకు ఒక చిక్కుంది. కింద విశాఖపట్నంలో ఉక్కపోతలో గాలి కొట్టించుకుని పైకి వస్తాం. అరకు చలికి తెల్లవారేసరికి టైర్లలో గాలి ముడుచుకుంటుంది, డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. కింద నుంచి వచ్చే కార్లవాళ్లం దానికి చలి లైటు అని పేరు పెట్టుకున్నాం. టీ దగ్గర కలిస్తే "మీకూ వెలిగిందా" అని పలకరించుకుంటాం. దాన్ని చూసి కంగారు పడేవాడు కొత్తవాడని మా లెక్క.

పదేళ్ల కిందట ఒక డిసెంబరులో నా కారులో ఆ లైటు రెండు రోజులుగా వెలుగుతూనే ఉంది. కారు చుట్టూ పైపైన చూస్తే నాలుగు టైర్లూ నిటారుగా నిలబడి ఉన్నాయి. చలి లైటే అనుకున్నాను. మూడో రోజు తెల్లవారుజామున డుంబ్రిగుడ అవతల గిరిజన బాలికల హాస్టల్ ముందు ఆటల మాస్టారు చెయ్యెత్తి నన్ను ఆపారు. విశాఖపట్నంలో రాష్ట్ర పోటీలకి ఎంపికలు. ముగ్గురు ఆడపిల్లల్ని తీసుకెళ్లాలి, మొదటి బస్సు రాలేదు. ఎక్కించుకున్నాను. ఒకమ్మాయిది ఈటె, ఒకమ్మాయిది లాంగ్ జంప్. మూడో అమ్మాయిది పదిహేనువందల మీటర్ల పరుగు. ఆ మూడో అమ్మాయి టైర్ల అప్ప కూతురు. పదో తరగతి. పరుగు పదిన్నరకి. అందులో నెగ్గితే పట్నంలో స్పోర్ట్స్ స్కూల్లో సీటు వస్తుందని మాస్టారు దారిలో చెప్పారు. టైము సరిగ్గా సరిపోతుంది, మధ్యలో టీకి కూడా ఆగకూడదన్నారు.

షాపు దగ్గర ఒక్క నిమిషం ఆపాను, తల్లి కూతుర్ని చూసుకుంటుందని. ఆమె అప్పటికే చోడంబలి, అంటే రాగి అంబలి, సీసాతో రోడ్డు మీద నిలబడి ఉంది. కిటికీలోంచి సీసా కూతురికి అందిస్తూ, అలవాటు ప్రకారం రెండో చెయ్యి వెనక టైరు మీద వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. నెమ్మదిగా వంగి, మిగతా మూడు టైర్లూ కూడా తాకి వచ్చింది.

"ఆ లైటేటి బాబూ?"

"చలి లైటు అప్పా. అందరికీ వెలుగుతోంది."

"సలి ఒక్క టైరుకేనేటి? మూడూ మంచులాగున్నాయి, ఇది కాలతంది. దిగండి."

వెతికితే మేకు దొరికింది. ఎప్పుడు దిగిందో ఏమో, గాలి కొంచెం కొంచెంగా మొత్తం పోయింది. కూలబడదు కాబట్టి కంటికి తెలియలేదు. రెండు రోజులు ఊళ్లన్నీ నేను గాలి లేని టైరు మీద తిరిగాను. ఆమె గాలి కొడితే గాలి నిలబడింది. మాకు ప్రాణం లేచి వచ్చింది. మేకు తీసి బయటి నుంచి అతుకు పెట్టెయ్యమన్నాం.

"నానెయ్యను" అంది.

"గాలి నిలబడుతోంది కదా అప్పా!"

"నిలబడతాది. దిగువ మలుపుల కాడికి ఎల్లినాక నిలబడదు. పక్కగోడ నోపల ఉడికిపోనాది. పైకి తెల్దు. ఇది సచ్చిపోయిన టైరు."

మాస్టారు చేతులు పట్టుకున్నంత పని చేశారు. నేను బతిమాలాను. చివరికి, "అప్పా, నీ కూతురి బతుకు ఇది. నీ కూతురే కదా" అన్నాను.

"ఆల్లిద్దరూ ఎవరి కూతుల్లు? ఆల్ల అమ్మలు ఇక్కడ నేరు గదా, నీకు అడ్డం సెప్పడానికి."

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. "నీకు చేతకాక అంటున్నావు. విశాఖపట్నంలో అయితే పది నిమిషాల పని" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "అయితే ఇశాపట్నంలోనే ఏయించుకో. నువ్వొక్కడివీ తోలుకెల్లు. గుంటల్ని మాత్రం దింపీ" అంది. గుంటలంటే ఆమె భాషలో ఆడపిల్లలు.

నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. తాళం తిప్పలేదు. ఒక్కణ్ణే వెళ్లమనేసరికి నాకు వెళ్లబుద్ధి కాలేదు. అంటే ఆ మాట నిజమని నాకూ లోపల తెలుసన్నమాట.

కూతురు దిగి తల్లి ముందు నిలబడింది. "అమ్మా, పదిన్నరకే నా పరుగు. నీకు తెల్దా?"

"తెలుసు."

"మరి?"

ఆమె అప్పటికే రోడ్డు మధ్యలోకి నడిచిపోయి, వచ్చే బండికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. మొదటిది బొర్రా గుహలకి పోయే టూరిస్టుల జీపు, నిండుగా ఉంది, ఆగకుండా పోయింది. తర్వాత ఇంకో రెండు. ముప్పావుగంటకి క్యాబేజీ బస్తాలతో విశాఖపట్నం వెళ్లే వ్యాను ఒకటి ఆగింది. పిల్లలు పరిగెత్తారు. "ఆగండి" అంది ఆమె. వ్యాను టైర్లన్నిటికీ ఒక్కొక్కటిగా చెయ్యి పెట్టింది. ఒకదానికి గాలి తక్కువుందని గొట్టం లాక్కొచ్చి గాలి కొట్టింది. కూతురు అంబలి సీసా గుండెలకి పట్టుకుని ఏడుస్తోంది, తల్లి గాలి కొడుతోంది. కొట్టడం అయ్యాక పిల్లల్ని ముందు సీట్లో ఎక్కించింది. మాస్టారు వెనక క్యాబేజీల మీదెక్కారు. ఎప్పుడూ మడత నలగని ఆయన తెల్ల ప్యాంటు ఆ రోజు ఏమైందో దేవుడికే తెలియాలి.

వ్యాను మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. తిరిగి వచ్చి నా టైరు ఊడదీసింది. ఈసారి గంట కూడా పట్టలేదు. గోడలో బిగువు చచ్చిపోయింది కాబట్టి తేలిగ్గా వంగింది. టైరుని నిలబెట్టి అటూ ఇటూ కుదిపితే లోపలి నుంచి నల్లటి పొడి, కాఫీ పొడిలాంటిది, దోసెడు రాలింది. గోడ లోపలివైపు వేలితో నొక్కింది. చుట్టూ నెర్రెలు విచ్చుకున్నాయి. ఆమె నన్ను ఒక్క మాట కూడా దెప్పలేదు. పొడి ఊడ్చి ఎత్తింది, అంతే. దెప్పినా బాగుండేది.

మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేశారు. నేను ఇంకా అక్కడే, కింద నుంచి రావలసిన టైరు కోసం కూర్చుని ఉన్నాను. ఈటె, లాంగ్ జంప్ ఆలస్యంగా మొదలయ్యాయి, ఇద్దరూ అందుకున్నారు. పరుగు మాత్రం వీళ్లు వెళ్లేసరికి అయిపోయింది. ఆ మాట నేనే ఆమెకి చెప్పాలి. ఆటో టైరు ఒకటి ముందేసుకుని కూర్చుని ఉంది. చెప్పాను.

"మిగతా ఇద్దరూ?" అని అడిగింది.

"ఆడారప్పా."

"ఊఁ."

లేచి పాక వెనక్కి వెళ్లింది. చాలాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, ఆ ఆటో ట్యూబుకి అతుకు వేసింది. నీళ్లలో ముంచితే బుడగలు వచ్చాయి. రంధ్రం ఒకచోట ఉంటే అతుకు ఇంకోచోట వేసింది. మళ్లీ పీకి మళ్లీ వేసింది. ఆమె ఒక పని రెండోసారి చెయ్యడం నేను చూసింది ఆ ఒక్క రోజే. నాకు ఆమె మీద గౌరవం ఎప్పుడూ ఉంది గానీ, ఆ మనిషి నాకు తెలుసు అని నలుగురికీ చెప్పుకోవాలనిపించింది మాత్రం ఆ రోజు నుంచే.

ఈటె విసిరిన అమ్మాయి ఎంపికైంది. ఆ అమ్మాయిని షాపుకి పిలిచి, వచ్చేపోయే ప్రతి బండివాడికీ "ఇది మా గుంట, రాష్ట్రానికి ఎల్తంది" అని చూపించింది టైర్ల అప్ప. సొంత గుంట మాత్రం రెండు నెలలు తల్లితో మాట్లాడలేదు. ఆదివారం ఇంటికి వచ్చేది, అన్నం తినేది, వెళ్లిపోయేది. "మాటాడతాదిలే, కాలు ఇరగనేదు గదా" అనేది తల్లి. అని, ఆ పిల్ల వెళ్లిన దారికేసి చూస్తూ ఉండేది.

నేను ఇక రన్‌ఫ్లాట్ మానేస్తానన్నాను. మామూలు టైర్లు వేయించుకుని, డిక్కీలో స్టెప్నీ పడేసుకుంటానన్నాను. నా మీద ఇంతెత్తున లేచింది.

"టైరు తప్పేటి సేసింది? సచ్చిపోయి కూడా నిన్ను రెండ్రోజులు మోసినాది. నువ్వే దాన్ని సూడనేదు."

ఆ తర్వాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టింది. ఘాటీలో నేను ఒక్కణ్ణే వస్తానా? ఒక్కోసారి మా ఆవిడ నడుపుతుందా? వర్షంలో, మలుపులో పంక్చరైతే, వెనక లారీ వస్తుంటే, దిగి చక్రం మార్చే చోటు ఎక్కడైనా చూశానా? ఫోను సిగ్నలు ఎన్ని చోట్ల ఉంటుంది? గతుకుల్లో గట్టిగా కొడుతుందని, చక్రం అంచు వంగుతుందని నేను ఎదురు చెప్పాను. "గతుకు కాడ మెల్లిగా ఎల్లు. నీకు బేగి ఎల్లాలని ఎవులు సెప్పారు?" అంది. చివరికి తీర్పు చెప్పింది. "అదే ఎయ్యి. కానీ ఒకటి ఇనుకో. ఆ టైరు నిన్ను నా కాడికి తేడానికి. నన్ను దాటి ఎల్లిపోడానికి కాదు."

ఇలాంటి సలహా ఏ షోరూములోనూ దొరకదు. అందరూ కారుకి ఏ టైరు నప్పుతుందో చెప్తారు. ఆమె మా ఆవిడకి, నాకు, ఆ రోడ్డుకి ఏది నప్పుతుందో చూసింది. అందుకే మొన్న షాపాయన కప్పు కింద పెట్టకముందే, "రన్‌ఫ్లాటే" అనేశాను.

అప్ప దినానికి వెళ్లాను. పాక ముందు రోడ్డు వార పొడుగునా జీపులూ ఆటోలూ నిలిచిపోయాయి. అన్నిట్లోనూ ఆమె వేసిన అతుకులున్నాయి. ఈటె విసిరిన అమ్మాయి వచ్చింది, పోలీసు ఉద్యోగంలో ఉందట. అప్ప కూతురు ఇప్పుడు కురుపాం దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరు. ఆ తర్వాతి ఏడు మళ్లీ పరిగెత్తింది, స్పోర్ట్స్ స్కూల్లో సీటు రాలేదు గానీ పరుగు వదల్లేదు. అందరికీ టీ పోస్తూ తిరుగుతోంది. పాత జీపు డ్రైవరు ఒకాయన ఆ డిసెంబరు కథ ఎత్తుకుని, "కన్నకూతురి బండినే ఆపీసిన మనిషి. ఇంకెవులాపుతారు!" అన్నాడు. నేను కంగారుగా ఆ అమ్మాయి మొహం చూశాను. ఆమె నవ్వింది.

తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. "సార్, పోయిన ఏడు మా పిల్లల్ని పోటీలకి తీసుకెళ్లబోయాను. పదకొండు మంది. బస్సు ఎక్కించే ముందు టైర్లు తడిమి చూసి, ఎక్కనివ్వనేదు. హెడ్మాస్టారు తిట్టారు, పిల్లలు ఏడిశారు. ఇంకో బండి వచ్చేసరికి ఇద్దరి ఆటలు అయిపోయాయి. ఆ సాయంత్రం మా అమ్మకి ఫోన్ చేసి, ఆ రోజు నీతో మాటాడకుండా పోయాను, తప్పయిపోయిందమ్మా అన్నాను."

"ఏమంది?"

"ఏడిసింది సార్. మా అమ్మ ఏడవడం నాను ఎప్పుడూ విననేదు. చాలాసేపు ఏడిసి, గొంతు సర్దుకుని, 'ఏ టైరు?' అని అడిగింది."